బైపీసీ తర్వాత డిగ్రీ: దోస్త్ ఓటీపీ పీఆర్వోకి చెప్పాలా, ఏ కాలేజీ పెట్టుకోవాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీది చందంపేట మండలంలో ఒక తండా. మీ చెల్లె ఇంటర్ బైపీసీ పాసైంది, వెయ్యికి 812. ఎప్‌సెట్ రాసింది కానీ చెప్పుకోదగ్గ ర్యాంకు రాలేదు. తనకు టీచర్ కావాలని ఉంది. మొన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ పీఆర్వో (కాలేజీకి పిల్లల్ని చేర్పించే మనిషి) ఇంటికొచ్చి, "బీకాం కంప్యూటర్స్‌లో చేర్చండి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, దోస్త్ కూడా మేమే చేస్తాం" అని మెమో, ఆధార్ జిరాక్సులు తీసుకుపోయాడు. ఫోన్‌కి ఓటీపీ వస్తే చెప్పమన్నాడు. చెప్పాలా వద్దా, ఏ కాలేజీ మంచిది, ఏయే కాగితాలు కావాలి అని అడిగారు.

ముందు సమాధానం. ఓటీపీ చెప్పకండి. దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి, ఆ రిజిస్ట్రేషన్ మీ ఫోన్ నంబరుతో మీరే చేసుకోండి. టీచర్ కావాలంటే బీకాం వద్దు, బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పెట్టుకోండి. కాలేజీల్లో నల్లగొండ ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ మొదట, అక్కడి ఎన్‌జీ (నాగార్జున ప్రభుత్వ) కాలేజీ తర్వాత, దేవరకొండ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆ తర్వాత. హైదరాబాద్ గురించి కింద చెప్తాను.

నేను బోటనీ చెప్పినవాణ్ణి. మొదట పాలమూరు వైపు, తర్వాత నల్లగొండ వైపు, మొత్తం 31 ఏళ్లు. దోస్త్ 2016లో వచ్చినప్పటి నుంచి రిటైర్ అయ్యేదాకా ప్రతి ఎండాకాలం హెల్ప్‌లైన్ సెంటర్‌లో కూర్చున్నాను. కాబట్టి ఓటీపీ సంగతితోనే మొదలుపెడతాను. అక్కడ నేను చూసిన ఏడుపుల్లో సగం దాని గురించే.

దోస్త్‌లో మొదట ఆధార్‌కి లింకైన మొబైల్‌కి ఓటీపీ వస్తుంది. అది కొట్టి, ఫీజు కడితే దోస్త్ ఐడీ, పిన్ వస్తాయి. ఆ రెండూ ఎవరి చేతిలో ఉంటే ఆప్షన్లు వాళ్లవి. పీఆర్వో కూర్చుని చేస్తే తన కాలేజీ ఒక్కటే పెట్టి మూసేస్తాడు. రెండు మూడు ఆప్షన్లు పెట్టినా అవన్నీ అదే మేనేజ్‌మెంట్ కాలేజీలై ఉంటాయి. మీ చెల్లెకు 812 మార్కులున్నాయి కాబట్టి ఆ ఒక్క కాలేజీలో సీటు వచ్చి తీరుతుంది. "చూశారా, మీ అమ్మాయికి సీటొచ్చింది" అని స్వీటు కూడా తెస్తాడు.

హాలియా వైపు నుంచి ఒక పిల్లవాడు మా సెంటర్‌కి వచ్చాడు. ఇంటర్ ఎంపీసీ, మంచి మార్కులు. తను ఎన్నడూ చూడని కాలేజీలో బీకాం సీటు వచ్చింది. తీరా చూస్తే రిజిస్ట్రేషన్‌లో ఉన్న నంబరు కూడా వాళ్లది కాదు, మెసేజ్‌లన్నీ ఎవరికో పోతున్నాయి. తండ్రిని తీసుకొచ్చి, ఆధార్ చూపించి, అర్జీ రాయించి నంబరు మార్పించేసరికి మొదటి ఫేజ్ (విడత) అయిపోయింది. తర్వాతి ఫేజ్‌లో మళ్లీ డబ్బు కట్టి కోరుకున్న గ్రూపు తెచ్చుకున్నాడు కానీ, మొదటి ఫేజ్‌లో ఖాయంగా వచ్చే కాలేజీ చేజారింది.

ఇంకో ఓటీపీ కూడా ఉంది, దాని సంగతి చాలామందికి తెలియదు. సీటు వచ్చి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి (ఆ సీటు కావాలని ఒప్పుకుని), చివర్లో కాలేజీకి స్వయంగా వెళ్లినప్పుడు ఒక కన్ఫర్మేషన్ ఓటీపీ చెప్పాలి. దోస్త్‌లో దాన్ని సీసీఓటీపీ అంటారు. అది ఇచ్చాకే ఆ కాలేజీలో సీటు ఖరారవుతుంది. ఈ ఓటీపీ కాలేజీ కౌంటర్ దగ్గర నిలబడి, చేరాలని తేల్చుకున్నాకే చెప్పాలి. ఎవరైనా ఫోన్ చేసి "వెరిఫికేషన్ కోసం" అంటే కట్ చేయండి.

ఇప్పటికే ఇచ్చిన జిరాక్సుల గురించి భయపడకండి. ఓటీపీ లేకుండా వాటితో రిజిస్ట్రేషన్ చేయలేరు. ఇకమీదట ఎవరికి జిరాక్సు ఇచ్చినా దాని మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నారో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టించండి. ఒరిజినల్ మెమో మాత్రం చేరే రోజు దాకా ఇల్లు దాటకూడదు.

పీఆర్వోలను నేను తిట్టను. వాళ్లలో చాలామంది అదే కాలేజీలో చెప్పే గెస్టు లెక్చరర్లు, ఇంతమంది పిల్లల్ని తెస్తేనే జీతం అని పంపుతారు. ఒకప్పుడు నా దగ్గర చదివిన పిల్లవాడే మే నెల ఎండలో బైకు మీద తండాలు తిరుగుతూ కనబడ్డాడు. "ఏం జేద్దాం సార్" అన్నాడు. నేనూ ఏమనలేకపోయాను.

ఇక గ్రూపు. కాలేజీ కన్నా ముందు ఇది తేలాలి. ఎందుకంటే కాలేజీ బాగాలేకపోయినా ఇంట్లో కూర్చుని చదివి గట్టెక్కొచ్చు, సబ్జెక్టు తప్పితే అర్హతే ఉండదు.

టీచర్ అంటే రెండు దారులున్నాయి, ఏదో మీ చెల్లెనే అడగండి. చిన్న పిల్లలకు, అంటే 5వ తరగతి దాకా చెప్పాలంటే ఎస్జీటీ పోస్టు. దానికి డీఈఎల్‌ఈడీ, అంటే ప్రాథమిక టీచర్ శిక్షణ డిప్లొమా కావాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఈడీ వాళ్లకు ప్రాథమిక స్థాయి టీచర్ పోస్టులకు దారి మూసుకుపోయింది. డీఈఎల్‌ఈడీ రెండేళ్లు, ఇంటర్ తర్వాత డీఈఈసెట్ రాసి చేరాలి. మీ చెల్లెకు మార్కులు సరిపోతాయి. తొందరగా ఉద్యోగం కావాలంటే ఇది కూడా మంచి దారే, డిగ్రీని ఆ తర్వాత దూరవిద్యలో చేసుకోవచ్చు.

హైస్కూల్లో బయాలజీ చెప్పాలంటే స్కూల్ అసిస్టెంట్ పోస్టు. దానికి సంబంధిత సబ్జెక్టులతో డిగ్రీ, రెండేళ్ల బీఈడీ, టెట్ (టీచర్ అర్హత పరీక్ష), ఆ తర్వాత డీఎస్సీ (ఉద్యోగ పరీక్ష). ఇక్కడే బీజెడ్‌సీ పనికొస్తుంది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ ఉంటాయి కాబట్టి ఏదీ అడ్డం రాదు. రేపు ఎమ్మెస్సీ చేసి జూనియర్ లెక్చరర్ కావాలన్నా మూడు సబ్జెక్టుల్లో ఏదైనా తీసుకోవచ్చు. ఎడ్‌సెట్‌కి, అంటే బీఈడీ ప్రవేశ పరీక్షకి డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వాళ్లకు 40 శాతం మార్కులు ఉండాలి, కాబట్టి "పాసైతే చాలు" అనుకుని బండి లాగితే కుదరదు.

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ కాంబినేషన్లు పేరుకి బాగుంటాయి. అవి చెడ్డవి కావు, ల్యాబ్ ఉద్యోగాలకో ఫార్మా కంపెనీలకో వెళ్లేవాళ్లకు పనికొస్తాయి. కానీ నా దగ్గర చదువు గురించి సలహా అడగడానికి వచ్చిన ఒక అమ్మాయి అలాంటి కాంబినేషన్‌లో డిగ్రీ చేసింది, అందులో బోటనీ లేదు. మూడేళ్లయ్యాక ఎమ్మెస్సీ బోటనీ చేస్తానంది. దానికి సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసే అర్హతే లేదని అప్పుడు తెలిసింది. డిగ్రీలో చేరిన రోజు ఎవరూ చెప్పలేదట.

బీకాం కంప్యూటర్స్ మీద నాకు కోపం లేదు. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, ప్రైవేటు అకౌంట్స్ ఉద్యోగాలు అనుకునేవాళ్లకు అది సరైనదే. బైపీసీ చదివిన పిల్ల దాంట్లో చేరితే బయాలజీ టీచర్ దారి అక్కడితో ఆగిపోతుంది, అంతే.  

కాలేజీల మాటకొద్దాం.

బీజెడ్‌సీకి కాలేజీ అంటే ల్యాబ్. బీకాంకి మంచి లెక్చరర్, నాలుగు కంప్యూటర్లు ఉంటే నడుస్తుంది. బోటనీకి మైక్రోస్కోపులు, స్లైడులు, హెర్బేరియం (ఎండబెట్టి దాచిన మొక్కలు), చుట్టూ నాలుగు చెట్లు కావాలి. ప్రాక్టికల్ ఎగ్జామినర్‌గా ఒకసారి ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లాను. బీరువాలో మైక్రోస్కోపులు థర్మాకోల్ డబ్బాల్లో అట్లనే ఉన్నాయి, కవర్లు కూడా తీయలేదు. ఫైనలియర్ పిల్లవాణ్ణి సెక్షన్ కొయ్యమంటే బ్లేడు ఎట్లా పట్టుకోవాలో తెలియదు. వాడి తప్పేముంది? మార్కులు వేశాను, ఒప్పుకుంటున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎన్‌జీ కాలేజీ 1956 నుంచి ఉంది, అటానమస్. మహిళా కాలేజీ అమ్మాయిలకు తేలిక, హాస్టళ్లు దగ్గర. రెండూ మహాత్మా గాంధీ యూనివర్సిటీ కిందివే, సర్టిఫికెట్ మీద ఆ యూనివర్సిటీ పేరే ఉంటుంది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వచ్చిన లెక్చరర్లు, పాత ల్యాబులు, పెద్ద లైబ్రరీ ప్రభుత్వ కాలేజీల బలం. లోటు కూడా చెప్పాలి. పోస్టులు ఖాళీగా ఉండి గెస్టు లెక్చరర్లతో నడిచే సబ్జెక్టులు ప్రతిచోటా ఉన్నాయి. అది చేరకముందే అడిగి తెలుసుకోవచ్చు.

జడ్చర్ల పేరు కూడా ఒకసారి చూడండి. అక్కడ డాక్టర్ బీఆర్‌ఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. లెక్చరర్లు, విద్యార్థులు కలిసి పెంచిన తోట. నేను వెళ్లి చూశాను, మన నల్లమల మొక్కలు కూడా పెట్టారు. బోటనీ చదివే పిల్లలకు అట్లాంటి తోట కాలేజీలోనే ఉండటం హైదరాబాద్‌లో లక్షలు కట్టినా దొరకదు. మీకు దూరమే, పైగా అది పాలమూరు యూనివర్సిటీ కింద. హాస్టల్ దొరికితేనే ఆలోచించండి. ఆప్షన్లలో నాలుగోదిగా పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

దేవరకొండ ఇంటికి దగ్గర. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి రోజూ పోయిరావచ్చు. మీ తండాకు బస్సు ఎన్నిసార్లు వస్తుందో మీకే తెలుసు. నల్లగొండకు మాత్రం రోజూ పోయిరావడం అనుకోకండి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. మధ్యాహ్నం ల్యాబులు వదిలేసి బస్సు కోసం పరిగెత్తే పిల్లల్ని చాలామందిని చూశాను. ఎస్టీ కాలేజీ హాస్టల్‌కి అప్లై చేసి అక్కడే ఉండనివ్వండి. గిరిజన గురుకులాల కింద అమ్మాయిల డిగ్రీ కాలేజీలు కూడా ఉన్నాయి, తిండి, వసతి వాళ్లే చూస్తారు. బీజెడ్‌సీ ఎందులో ఉందో కనుక్కుని, ఉంటే నా వరసలో దాన్ని రెండోదిగా పెట్టినా తప్పు లేదు.

హైదరాబాద్ సంగతి. కోఠి మహిళా యూనివర్సిటీలాంటి చోట సీటొస్తే, హాస్టల్ ఖాయమైతే కళ్లు మూసుకుని పంపండి. కాలేజీ హాస్టల్ దొరక్క ప్రైవేటు హాస్టల్లో నెలనెలా కట్టి మామూలు కాలేజీలో చదివించడం కన్నా నల్లగొండ నయం. "హైదరాబాద్‌లో చదువుతోంది" అని చెప్పుకోవడానికి తప్ప దానివల్ల పెద్ద తేడా ఉండదు.

ఏ కాలేజీ అయినా ఆప్షన్ పెట్టేముందు ఒకసారి వెళ్లి చూడండి. ఆఫీసులో కాదు, గేటు బయట చాయ్ బండి దగ్గర సెకండియర్ పిల్లల్ని అడగండి. "బోటనీ సార్ పేరేంది? కిందటి వారం ల్యాబ్‌లో ఏం చేశారు?" ఈ రెండు ప్రశ్నలకు తడుముకోకుండా చెప్తే కాలేజీ నడుస్తున్నట్టు.

ఆప్షన్ల గురించి అందరూ చేసే తప్పు ఒకటుంది. "మొదటిది పెద్ద కాలేజీ పెడితే రాకపోతే ఎట్లా" అని భయపడి, వచ్చేది మొదట పెడతారు. అట్లా చేయొద్దు. దోస్త్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది, మొదటిది రాకపోతే రెండోది, అది రాకపోతే మూడోది. పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు కింది సీటు పోదు. ఎన్ని ఆప్షన్లు పెట్టినా ఫీజు ఒకటే, మొదటి ఫేజ్‌లో 200, తర్వాతి ఫేజుల్లో 400 రూపాయలు. నిజంగా ఇష్టమైన వరసలోనే పెట్టండి, ఇష్టం లేనిది అసలు పెట్టకండి.

సీటు వచ్చాక గడువులోపు సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, లేకపోతే ఆ సీటు పోతుంది. రెండో ఆప్షనో మూడో ఆప్షనో వస్తే దాన్ని సెల్ఫ్ రిపోర్ట్ చేసి పట్టుకుని, తర్వాతి ఫేజ్‌లో ఇంకా మంచిదానికి ప్రయత్నించొచ్చు. అయితే కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, రెండూ ఉండవు. చివర్లో అదే కాలేజీలో గ్రూపు మార్చుకునే ఇంట్రా కాలేజీ ఫేజ్ కూడా పెడతారు.

కాగితాలు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, ఆధార్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఫొటోలు, మీ చెల్లె పేరు మీద బ్యాంకు ఖాతా. ఎన్‌సీసీ, స్పోర్ట్స్ ఉంటే అవి కూడా. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతం అయింది, కాబట్టి కులం సర్టిఫికెట్ తప్పనిసరిగా మీసేవ నుంచి తెచ్చుకున్నదే సిద్ధంగా పెట్టుకోండి. ఆదాయం సర్టిఫికెట్ పాతది పనికిరాదు, చేరే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది కావాలి. మే నెలలో తహసీల్దార్ ఆఫీసుల్లో అర్జీలు గుట్టలుగా పడి ఉంటాయి. అందుకే దీనికి ఈ వారమే అప్లై చేయండి.

వీటన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది పేరు. తండాల పిల్లల్లో ఇది నేను ప్రతి ఏడూ చూశాను. పదో తరగతి మెమోలో "ఆర్" అని ఒక్క అక్షరం ఉంటుంది, ఆధార్‌లో "రమావత్" అని పూర్తిగా ఉంటుంది, కులం సర్టిఫికెట్‌లో "రామావత్" అని దీర్ఘం ఉంటుంది. పుట్టిన తేదీ కూడా జనవరి 1 అని ఒకచోట, జూన్ ఏదో అని ఇంకోచోట. దోస్త్ దగ్గర ఎట్లాగో దాటిపోతుంది, ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) దగ్గర ఆగిపోతుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించండి. మెమో మార్పించబోతే నెలలు పడుతుంది. ఆధార్‌కి మీ ఇంట్లో ఇప్పుడు వాడుతున్న నంబరు లింకై ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లేకపోతే టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ మొబైల్ యాప్‌లో ముఖం చూపించి రిజిస్టర్ చేసుకునే పద్ధతి ఉంది, అదీ కాకపోతే హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లండి.

"ఒక్క రూపాయి కట్టక్కర్లేదు" అన్న మాట గురించి ఒక మాట. ఎస్టీలకు కుటుంబ ఆదాయం 2 లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, అది నిజమే. ప్రభుత్వం దగ్గర్నుంచి ఆ డబ్బు కాలేజీకి ఆలస్యంగా వస్తుంది, అదీ నిజమే. అప్పుడు కొన్ని ప్రైవేటు కాలేజీలు ఏం చేస్తాయంటే, మూడేళ్లు నవ్వుతూ చదివించి, టీసీ అడిగిన రోజు "బకాయి కట్టు" అంటాయి. నా పాత విద్యార్థి ఒకడి తమ్ముడికి పీజీ కౌన్సెలింగ్ రెండు రోజుల్లో ఉందనగా ఇట్లాగే ఆపారు. వాళ్ల నాయన రెండు మేకలమ్మి కట్టాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది, కానీ రెండు రోజుల్లో ఎవరితో కొట్లాడతాం? ప్రభుత్వ కాలేజీలో అసలు ఫీజే తక్కువ కాబట్టి ఈ బాధ ఉండదు. ప్రైవేటులో చేరక తప్పకపోతే, రీయింబర్స్‌మెంట్ రాకపోతే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వకపోతే అక్కడి నుంచి లేచి రండి.

స్కాలర్‌షిప్‌కి ప్రతి ఏడూ ఈపాస్‌లో రెన్యువల్ చేసుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి. మొదటి ఏడాది చేసి రెండో ఏడాది మరిచిపోయేవాళ్లు చాలామంది.

మీ చెల్లె తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా మీరు రాయలేదు. తెలుగు మీడియం అయితే ఆప్షన్ల పక్కన మీడియం కూడా చూసుకోండి. ఇప్పుడు బీఎస్సీ దాదాపు అంతటా ఇంగ్లీషులోనే నడుస్తోంది. మొదటి సెమిస్టర్ కష్టంగా ఉంటుంది, రెండో సెమిస్టర్‌కి అలవాటవుతుంది. నా క్లాసులో మొదటి నెల నోరు తెరవని తండా పిల్లలే తర్వాత సెమినార్లు చెప్పారు.

పీఆర్వో రేపు వస్తే కూర్చోబెట్టి చాయ్ పోయండి, "అమ్మాయి నల్లగొండ పోతానంటోంది" అని చెప్పండి. ఆ తర్వాత పదో తరగతి మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరు, పుట్టిన తేదీ ఎట్లా ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. తేడా ఉంటే ముందు ఏది మార్పించాలో చెప్తాను. మెమోల ఫొటోలు మాత్రం ఇక్కడ పెట్టకండి.